పతకము వెనుకటి మనిషి

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



వీరుల కథలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వీరుల కథలకు మనకు కొరత లేదు. పల్నాడున్నది, బొబ్బిలి యున్నది. వానిని చెప్పి, మీచేత చప్పట్లు కొట్టించుకొని కూర్చుండుట నాకును సులభమే. కాని గడచిన సంవత్సరమునుండి వేరొక సంగతి నా మనస్సును పట్టి పీడించుచున్నది. అది ఈ పాఠశాలలోనే, ఈ ప్రక్క గదిలోనే ఆరంభమైనది. కావున దానినే చెప్పెదను. మన్నింపగలరు.

గత సంవత్సరము మన పిల్లలు “మా యింటి పాత వస్తువులు” అను ప్రదర్శన చేసిరి గదా! తిరగళ్లు వచ్చెను, ఇత్తడి మరచెంబులు వచ్చెను, తాటియాకుల కట్టలు రెండు వచ్చెను. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు తుప్పు పట్టిన బిస్కత్తు డబ్బా నొకటి తెచ్చి నా చేతికిచ్చెను. ప్రతి వస్తువు ప్రక్కను పెట్టవలసిన చీటీలు వ్రాయు పని నాది. డబ్బా తెరచి చూడగా రెండు పతకములు. ఒకటి వెండిది, దానిపై ఐదవ జార్జి చక్రవర్తి ముఖము. రెండవది కంచుది, దానిపై రెక్కలు గల స్త్రీమూర్తి, ఇంద్రధనుస్సు రంగుల పట్టీ, అదియును వెలిసిపోయినది. వెండి పతకము అంచున సన్నని అక్షరములతో సిపాయి సంఖ్య, పేరు, మద్రాసు సాపర్ల దళము పేరు చెక్కబడియున్నవి.

ఇవి 1914–18 సంవత్సరముల మహాయుద్ధమునకు సంబంధించిన పతకములు. ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఇవి శౌర్యమునకిచ్చిన పతకములు కావు. యుద్ధరంగమునకు పోయి పని చేసినవారికి లక్షలకొలదిగా ఇచ్చినవి. అంతమాత్రమున చులకన చేయవలసినవియు కావు. మన హలసూరు చెరువు గట్టున శిక్షణ పొంది వెళ్లిన సాపర్లు పరదేశములలో దారులు వేసిరి, కందకములు త్రవ్విరి, నదులపై వంతెనలు కట్టిరి. తుపాకి పట్టినవాడు పరుగెత్తుటకు ముందుగా అతనికి దారి వేసినవాడు సాపరు. వారిలో తెలుగువారు, తమిళులు కలిసి యుండిరి. అట్టి వెండి పతకములు ఎన్నో మన ఇండ్లలో కంసాలి మూసలో కరగి మురుగులుగను, పట్టాలుగను మారిపోయినవి. ఇది ఎట్లో మిగిలినది.

డబ్బా అడుగున మడత పెట్టిన కాగితమొకటి యుండెను. అది సైన్యమునుండి పంపివేసినప్పటి పత్రము. నడవడి అనుచోట వ్రాసిన మాట మంచిది కాదు.

మరునాడు ఆ బాలుని తండ్రి వచ్చి, “మా వంశములో వీరసైనికుడు, రెండు పతకముల గ్రహీత, అని వ్రాయండి సార్, ఆ కాగితము మాత్రము పెట్టవద్దు” అని కోరెను. త్రాగుడువలన ఆయనను పంపివేసిరనియు, పింఛను రాలేదనియు, వెండి పతకమును మూడుసార్లు సేటు కొట్టులో కుదువ పెట్టెననియు ఆయనయే మెల్లగా చెప్పెను. ఆ మధ్యాహ్నమే ఆ యింటి వృద్ధురాలు, తొంబది యేండ్లకు చేరువైన యామె, మనుమరాలి చేయి పట్టుకొని వచ్చెను. ఆ సిపాయి ఆమెకు మామగారు.

“అయ్యవారూ, మా మామను నేను చూసినాను. తాగొచ్చి మా అత్తను కొట్టేవాడు. ఆయమ్మ ఇడ్లీలమ్మి పిల్లల్ని సాకింది. రాస్తే అంతా రాయండి. లేదంటే డబ్బా మూసి ఇచ్చేయండి” అనెను.

నేను వ్రాయలేకపోతిని. పేరు, దళము, సంవత్సరములు మాత్రము వ్రాసి చీటీలో మిగిలినది ఖాళీగా విడిచితిని. ప్రదర్శన ముగిసెను, డబ్బా ఇంటికి పోయెను. నా మనస్సు మాత్రము ఆ ఖాళీ దగ్గరనే ఆగిపోయెను. ఈ చిక్కు నా యొక్కనిదేనా, మునుపెవరైనను ఎదుర్కొనిరా అని వెదుకగా, మన చిన్న చీటీ సంగతి యటుంచి, ఒక సామ్రాజ్యమే దీనిలో చిక్కుకొని తడబడినదని తెలిసెను.

బ్రిటిషువారి సైనిక పురస్కారములలో విక్టోరియా క్రాసును మించినది లేదు. దానిని 1856 జనవరి 29వ తేదీన విక్టోరియా రాణి శాసనమువలన నెలకొల్పిరి. చూచుటకు సామాన్యమైన కంచు ముక్క. ఆ శాసనముననే ఒక నిబంధన చేర్చిరి: దీనిని పొందినవాడు రాజద్రోహముగాని, పిరికితనముగాని, ఘోరమైన నేరముగాని, నీచకార్యముగాని చేసినచో అతని పేరు పట్టికనుండి కొట్టివేయవలెను. ఇచ్చుచేతితోనే తీసికొనుటకును ఏర్పాటు చేసికొనిరన్నమాట. ఆ నిబంధనకు మొట్టమొదట గురియైనవాడు ఎడ్వర్డ్ సెయింట్ జాన్ డేనియల్.

డేనియల్ 1837లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ ప్రాంతమున, క్లిఫ్టనులో, ఒక న్యాయవాది యింట పుట్టెను. చిన్నతనముననే నౌకాదళమున మిడ్‌షిప్‌మన్‌గా, అనగా పని నేర్చుకొను బాల అధికారిగా, చేరెను. క్రిమియా యుద్ధమున సెవాస్తోపోల్ నగరమును ముట్టడించినప్పుడు నావికులు తమ ఫిరంగులను ఓడనుండి దింపి గట్టుమీదికి ఈడ్చుకొనిపోయిరి. వారి నాయకుడు కెప్టెన్ విలియం పీల్, ప్రధానమంత్రిగా నుండిన రాబర్ట్ పీల్ కుమారుడు. ఆయన ప్రక్కను ఎప్పుడును ఇద్దరు బాలురు సహాయకులుగా నుండిరి. ఒకడు డేనియల్, రెండవవాడు ఈవెలిన్ వుడ్. ఈ రెండవవానిని జ్ఞాపకముంచుకొనుడు.

1854 అక్టోబరు 18న తుపాకిమందు బండి యొకటి దారిలో నిలిచిపోయెను. గుండ్లు దానిమీదనే పడుచున్నవి. ఒక్క నిప్పురవ్వ తగిలినచో దగ్గరనున్నవారి జాడ కూడ మిగులదు. మందు దింపి తెచ్చుటకు ముందుకు వచ్చినవారిలో డేనియల్ ఒకడు. అప్పటికి అతని వయస్సు పదునేడేండ్లు. మన పాఠశాల వదలి కళాశాలలో అడుగుపెట్టు పిల్లవాని వయస్సు! అదే సంవత్సరము నవంబరు 5న ఇంకర్‌మన్ యుద్ధమున అతడు పీల్ వెంటనే యుండెను. 1855 జూన్ 18న రెడాన్ అను కోట బురుజుపై దాడి జరిగెను. పీల్ చేతికి గుండు తగిలి నెత్తురు ధారగా కారసాగెను. దాగుటకు చాటు లేని ఆ బయటనే, శత్రువుల గుండ్లకు ఎదురుగా నిలిచి, డేనియల్ ఆయన చేతికి పైభాగమున బిగించి కట్టు కట్టి రక్తము నాపెను.

ఈ మూడు కార్యములకును కలిపి అతనికి విక్టోరియా క్రాసు ప్రకటించిరి. 1857 ఫిబ్రవరి 24న వెలువడిన మొదటి పట్టికలోనే అతని పేరున్నది. రాణి స్వయముగా 1857 జూన్ 26న లండనులోని హైడ్ పార్కులో అరువదిఇద్దరికి పతకములు తగిలించెను. ఆ రోజున డేనియల్ అచ్చట లేడు. పీల్‌తో కూడ షానన్ అను నౌకపై తూర్పుదేశములకు పయనమై యుండెను.

ఆ నౌక మొదట చీనాకు పోవలెనని బయలుదేరినది. మన దేశమున 1857 తిరుగుబాటు చెలరేగుటచేత కలకత్తాకు మరలినది. పీల్ మరల తన ఫిరంగులను దింపి లక్నో వరకు ఈడ్పించెను. మనవాళ్ల చరిత్రకు సంబంధించిన చిన్న విషయమొకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఆ కాలమున ఉత్తరదేశమున సిపాయిని “తిలంగా” అనుచుండిరి. దక్షిణమునుండి తొలుత వంగదేశమునకు కొనిపోయిన సిపాయిలలో తెలుగువారుండుటచేత ఆ పేరు స్థిరపడి, తరువాత అవధు రైతుబిడ్డ సిపాయి యైనను వానికిని అదే పేరు వచ్చెను. లక్నోలో షానన్ ఫిరంగులకు ఎదురు నిలిచినవారిని ఆ ఊరివారు పిలిచిన పేరు మన జాతి పేరే. డేనియల్ ఘనతను చదువునప్పుడు ఆ ఫిరంగులు ఎవరివైపు తిరిగియుండెనో మనము మరువరాదు. అతని ధైర్యము ధైర్యమే. అది ఎవరి పనికి ఉపయోగపడినదను ప్రశ్న వేరు.

పీల్ లక్నోలో గాయపడెను. గాయమునకు తట్టుకొనెనుగాని మశూచి సోకి 1858 ఏప్రిల్ 27న కాన్పూరులో మరణించెను. డేనియల్‌కు అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. పదునేడవ యేటినుండి ఏ మనిషి వెనుక నడచినాడో ఆ మనిషి పోయెను. పతనమునకు ఇదియే కారణమని నేను తీర్పు చెప్పను; పెద్దదిక్కు పోయినవారందరును చెడిపోరు. జరిగిన క్రమము మాత్రము చెప్పుచున్నాను. ఇంగ్లండునకు మరలిన తరువాత త్రాగుడు అతనిని పట్టుకొనెను. సైనిక న్యాయస్థానము ఎదుట నిలువవలసి వచ్చెను. అయినను పురస్కారము పొందినవాడు, పేరున్నవాడు, మరల ఉద్యోగమిచ్చిరి. 1861లో విక్టర్ ఎమ్మాన్యుయెల్ అను యుద్ధనౌకపై నుండగా, తన క్రింది చిన్న ఉద్యోగులయెడ అసభ్యముగా ప్రవర్తించెనని అతనిపై ఆరోపణ వచ్చెను. నిర్బంధించిరి. విచారణ జరుగకముందే జూన్ మాసాంతమున అతడు ఓడ విడిచి పారిపోయెను.

1861 సెప్టెంబరు 4న రాణి సంతకముతో అతని పేరు పట్టికనుండి తొలగిపోయెను. విచారణ జరుగలేదు, నేరము రుజువు కాలేదు. పారిపోవుటయే రుజువుగా తీసికొనిరి. దీనిని చదివి డేనియల్‌పై జాలిపడువారిని నేనెరుగుదును. నాకును కొంత జాలి కలదు. కాని అట్లు జాలిపడువారు ఆ చిన్న ఉద్యోగులను గూర్చి ఒక్క మాటయు అనకుండుట చూచి నాకు ఆశ్చర్యము కలుగును. వారును ఎవరో తల్లుల పిల్లలే. వారు చెప్పినది నిజమో కాదో తేల్చవలసిన విచారణ అతని పలాయనముతోనే ఆగిపోయెను. న్యాయము పోగొట్టుకొన్నవారిలో వారును ఉన్నారు.

ఆ తరువాత డేనియల్ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ చేరెను. 1864లో న్యూజీలండ్ యుద్ధములకు మనుష్యులను చేర్చుకొనుచుండగా తరనాకి దళమున సామాన్య సిపాయిగా చేరెను. తరువాత అక్కడి సాయుధ రక్షకదళమున పనిచేసెను. ఒకప్పుడు అధికారిగా ఆజ్ఞలిచ్చినవాడు ఆజ్ఞలు వినుచు నాలుగేండ్లు గడిపెను. 1868 మే 20న హోకిటికా అను బంగారు గనుల పట్టణమున ముప్పదియొక్క యేండ్లకే చనిపోయెను. అతనిని అచ్చటనే పాతిపెట్టిరి.

ఈవెలిన్ వుడ్ సంగతి చెప్పెదనంటిని. అతడును పీల్ ప్రక్కనే నిలిచిన బాలుడే, అదే రెడాన్ వద్ద గాయపడినవాడే. నౌకాదళము విడిచి భూసైన్యమున చేరెను, మన దేశముననే విక్టోరియా క్రాసు సంపాదించెను, 1903లో ఫీల్డ్ మార్షల్ అయ్యెను. ఒకే గురువు, ఒకే గట్టు, ఒకే గుండ్లవాన. ఒకని పేరు శిలలపై చెక్కిరి, రెండవవాని పేరు పట్టికలో గీత గీసి కొట్టివేసిరి. ఈ తేడా ఎక్కడ మొదలైనదో నేను ఎంత వెదకినను చెప్పలేను.

డేనియల్ తరువాత మరి యేడుగురికి ఇదే గతి పట్టెను. అందరి కథలును చెప్ప సమయము లేదు. అందులో వాలెంటైన్ బాంబ్రిక్ అనువాడు కాన్పూరులో పుట్టిన సిపాయిబిడ్డ. 1858 మే 6న బరేలీలో ఒక సరాయిలో ముగ్గురు చుట్టుముట్టగా ఒంటరిగా పోరాడి పతకము పొందెను. 1863 నవంబరులో ఇంగ్లండున సైన్యమునుండి విడుదలయైన రోజుననే ఒక తగవులో చిక్కుకొనెను. తోటి సైనికుని కొట్టి అతని పతకములను దొంగిలించెనని నేరము మోపిరి. విక్టోరియా క్రాసు గలవానికి పరుల పతకములు దేనికని అతడు వాదించెను, న్యాయస్థానము నమ్మలేదు. మూడేండ్ల శిక్ష పడెను, పతకము పోయెను, దానితో వచ్చు సాలుకు పది పౌనుల పింఛను పోయెను. తాను నిరపరాధినని చెప్పుకొనుచునే 1864 ఏప్రిల్ 1న పెంటన్‌విల్ చెరసాలలో ఉరివేసికొని చనిపోయెను.

మిగిలినవారి నేరములు వినినచో మీకు నవ్వు వచ్చును, తరువాత నవ్వినందుకు సిగ్గు కలుగును. ఢిల్లీ ముట్టడిలో మండుచున్న మందుగుండు పెట్టెలను చేతులతో ఎత్తి గోడ అవతలికి విసరినవాడు జేమ్స్ మెగ్వైర్. అతని పతకము పోవుటకు కారణము ఒక ఆవు దొంగతనము. ఆజంగఢ్ దగ్గర గాయపడిన అధికారిని కాచి నిలిచిన మైకేల్ మర్ఫీ గడ్డియు దాణాయు దొంగిలించినందుకు పోగొట్టుకొనెను. కడపటివాడు జార్జి రేవన్‌హిల్. దక్షిణాఫ్రికాలో శత్రువు చేతబడనున్న ఫిరంగులను కాపాడుటకు పోయినవాడు. 1908లో ఆరు షిల్లింగుల విలువగల ఇనుము దొంగిలించెను. జరిమానా చెల్లించుటకు డబ్బు లేక చెరసాలకు పోయెను. ఆకలితో ఇనుము ఏరుకొన్నవాని యొద్దనుండి కంచు తీసికొనుట ఏ న్యాయమో పెద్దలు చెప్పవలెను. ఇతనికిని డేనియల్‌కును ఒకే శిక్ష వేసిన నిబంధన ఒకటే. నేరముల బరువు మాత్రము ఒకటి కాదు.

ఆ తరువాత ఎవరిదియు తీసికొనలేదు. ఐదవ జార్జి, మన డబ్బాలోని వెండి పతకముపై నున్న ఆ ముఖమే, దీనిని గట్టిగా వ్యతిరేకించెను. పతకగ్రహీత హత్య చేసి ఉరికంబమెక్కవలసి వచ్చినను ఆ పతకము ధరించియే ఎక్కనీయవలెనని 1920లో ఆయన కార్యదర్శి వ్రాసిన లేఖ కలదు. రాజుగారి భావము నాకిట్లు తోచును: రెడాన్ వద్ద ఆగిన రక్తము ఆగినదే. ఆరేండ్ల తరువాత ఓడలో ఏమి జరిగినను అది మరల కారదు. ఆ కంచు ముక్క సాక్ష్యము చెప్పునది ఆ గడియకు మాత్రమే. నిజమే, అయితే దీనికి రెండవ వైపు కూడ చూడవలెను. ఆ గడియకు మాత్రమే సాక్ష్యము చెప్పు కంచును చూపి మిగిలిన జీవితమంతటికిని మంచి పేరు అడుగుటకు వీలు లేదు. తిరిగి వచ్చిన డేనియల్‌కు త్రాగుడు ఎరిగియు మరల చిన్నవారిపై అధికారమిచ్చినవారు అదే పొరపాటు చేసిరని నా నమ్మకము. పతకము తీసికొనుటలో తొందరపడిరి. అంతకు ముందు పతకమును చూచి కన్నులు మూసికొనిరి.

మన స్వతంత్ర భారతమున పరమవీర చక్రము 1950 జనవరి 26న ఏర్పడెను. అదియును కంచుదే. దానిని రద్దు చేయు అధికారమును, మరల ఇచ్చు అధికారమును రెండును రాష్ట్రపతికి ఉంచిరి. మరల ఇచ్చు మాట కూడ వ్రాసియుంచుట నాకు నచ్చినది.

ఇక మన బిస్కత్తు డబ్బా సంగతి. ఈ సంవత్సరము ప్రదర్శనకు ఆ బాలుడు దానిని మరల తెచ్చెను. నేను చీటీ వ్రాసి, పెట్టుటకు ముందు వారి యింటికి తీసికొనిపోయితిని. తండ్రి చదివి చాలసేపు మాటాడలేదు. తన కుమారుడు తోటిపిల్లల ముందర తల దించుకొనునేమో అను భయము ఆయనది. అది చిన్న భయము కాదు, నేను కాదనలేదు. కాదన్నచో ఖాళీ చీటీయే పెట్టెదనని చెప్పితిని. తుదకు ఆయనయే “అవ్వకు చదివి వినిపించు” అని కుమారునితో అనెను.

బాలుడు చదివెను: “మద్రాసు సాపర్ల దళమున సిపాయి. మహాయుద్ధమునకు పోయి పనిచేసినందుకు ఈ రెండు పతకములు పొందెను. తరువాత త్రాగుడుకు లోబడి సైన్యమునుండి తొలగింపబడెను, భార్యను బాధించెను. ఈ వెండి పతకమును మూడుసార్లు కుదువ పెట్టగా, భార్య ఇడ్లీలమ్మిన డబ్బుతో మూడుసార్లును విడిపించెను.”

ఆమె ఎందుకు విడిపించినదని నేను వృద్ధురాలిని అడిగితిని. “మా అత్త చెప్పలేదు, నేనడగలేదు” అనెను. పిమ్మట చీటీని చేతికి తీసికొని, చదువురాని యామె యగుటచే, వ్రేలితో అక్షరములను తడవి, “మూడు కాదయ్యా, నాలుగుసార్లు. నాలుగోసారి నేను కూడా పోయినాను సేటు దగ్గరికి. దిద్దండి” అనెను.

దిద్దితిని. చీటీ ప్రక్క గదిలో కిటికీ దగ్గరి బల్లపై నున్నది. పోవునప్పుడు చూచి పొండు. సెలవు.